కత్తెర ముట్టని ఎనిమిది నెలలు

ఫిబ్రవరి 9, ఆదివారం

బీరువాలో ఉన్నదంతా ఇవాళ మంచం మీదికి దించాను. పోయిన వారం రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. మూడు నెలల సగటు చక్కెర చూపించే హెచ్‌బీఏ1సీ 6.2 ఉంది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడినట్టేనట. డాక్టరమ్మ మందులు రాయలేదు. టేపు తీసి నడుము కొలిచింది, 39 అంగుళాలు వచ్చింది. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటితేనే జాగ్రత్తపడాలంది. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 86 కిలోలు. "తొందరపడకమ్మా, వారానికి అరకిలో తగ్గినా చాలు" అని పంపింది.

తిండి గురించి, నడక గురించి ఇక్కడ ఎక్కువ రాయను. రాత్రిపూట అన్నం బదులు జొన్నరొట్టె, పొద్దున్నే మా గుంటూరు బృందావన్ గార్డెన్స్ వైపు వెళ్లి ఎన్టీఆర్ స్టేడియంలో గంట నడక. నేను రాసుకోవాలనుకున్నది బట్టల సంగతి. ఎందుకంటే 2016లో ఇదే పని చేసి దెబ్బతిన్నాను. అప్పుడు ఆరు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను. ఆ సంతోషంలో స్కూలుకు వేసుకునే జాకెట్లు చాలావరకు కోయించి చిన్నవి చేయించాను, కొత్తవి పది కుట్టించాను. ఏడాది తిరిగేసరికి బరువు మళ్లీ వచ్చింది. పాతవీ పట్టలేదు, కొత్తవీ పట్టలేదు. స్కూలుకు కట్టుకెళ్లడానికి జాకెట్టు లేక, చీరకు సరిపడని నల్ల జాకెట్టు ఒక్కటే నెలల తరబడి వేసుకున్నాను. తగ్గిన బరువు తిరిగి రావడం కన్నా నన్ను ఎక్కువ కుంగదీసింది ఆ నల్ల జాకెట్టే.

అందుకే ఈసారి ఒకటే పట్టుదల. ఒళ్లు మారుతున్నంత కాలం గుడ్డకు కత్తెర తగలకూడదు. ఏం చేసినా మళ్లీ ఇప్పుకునేలా ఉండాలి. కొత్త బట్టలు కొనను, లోబట్టలు తప్ప. బ్రా కింద పట్టీ వదులైతే దానితో సర్దుకోవడం కుదరదు, దానిమీద వేసుకున్న ఏ జాకెట్టూ కుదురుగా కూర్చోదు.

లెక్క: చీరలు 43, జాకెట్లు 34, కుర్తాలు 11, లెగ్గింగ్సు 6, లంగాలు 7. జాకెట్లలో ఇవాళ హుక్కులు పడేవి 12. మిగిలిన 22 ఏళ్ల తరబడి బిగువై పక్కన పడేసినవి. చాతీ కొలతను బట్టి వాటిని 42, 40, 38, 36 అని నాలుగు దొంతరలు పెట్టి, ఒక్కో దొంతరను ఒక్కో పాత తువ్వాలులో మూటగట్టాను. మూట మీద కాగితం పెట్టి పిన్నీసు గుచ్చాను. ఇన్నాళ్లూ ఆ అర తెరిస్తే మనసు చివుక్కుమనేది. ఇవాళ మూటలు వరసగా పేర్చాక అవి నాకోసం ముందే కుట్టి పెట్టిన బట్టల్లా కనిపించాయి.

మార్చి 9

83.4 కిలోలు. బట్టల్లో తేడా ఎవరికీ తెలియదు. తెలిసింది లంగా బొందుకే. ముడి వేశాక వేలాడే చివర పొడుగైంది. మొదటిరోజు ముడి పడిన చోట బొందు మీద చెరగని ఇంకుతో గీత పెట్టాను. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున అక్కడే ఇంకో గీత పెడతాను. బరువు చూసే మిషను ఒక్కోరోజు ఉప్పు ఎక్కువ తిన్నా కిలో ఎక్కువ చూపిస్తుంది. బొందు అంత తొందరగా మాట మార్చదు.

లంగాతో ఇంకో చిక్కు వచ్చింది. నడుము తగ్గేకొద్దీ బొందు లాగి కడతాం. లాగినప్పుడు గుడ్డంతా ఒకచోట కుప్పపడి చీర కింద ఉండల్లా కనిపిస్తుంది. జారుతుందేమోనన్న భయంతో ఇంకాస్త బిగిస్తాం. మా అమ్మ నడుము చుట్టూ కాటుక గీసినట్టు నల్లటి చార ఉంటుంది. చీర కట్టే ఆడవాళ్లలో చాలామందికి ఉంటుంది. అది మామూలే అనుకుంటాం. 2024లో మహారాష్ట్రలోని వార్ధా, బీహారు డాక్టర్లు పెద్దవయసు ఆడవాళ్లిద్దరి గురించి వైద్యపత్రికలో రాశారు. దశాబ్దాల పాటు నడుముకు బిగించి కట్టుకున్నచోట ఒరుసుకుని పుండు పడి, అది మానక చివరికి క్యాన్సరైంది. అందరికీ అలా అవుతుందని కాదు. కానీ తగ్గుతున్నవాళ్లం రోజూ బిగువు పెంచుకుంటూ పోతాం కాబట్టి ఇది మనం తెలుసుకోవాలి.

నేను చేసింది చెప్తాను. లంగా నడుము పట్టీకి ముందు రెండు, వెనక రెండు చోట్ల ముప్పావు అంగుళం మడత వేసి కుట్టాను. మడత అంటే రెండు పొరలు గుడ్డ తగ్గుతుంది కాబట్టి ఆ నాలుగు మడతలకే ఆరు అంగుళాలు పోయింది. కుప్ప తగ్గింది. సన్న బొందు తీసేసి పాత కాటన్ దుపట్టా అంచుతో రెండు అంగుళాల వెడల్పు పట్టీ ఎక్కించాను. బిగువు ఒక గీత మీద కాక వెడల్పుగా పడుతుంది. ఏడు లంగాలకూ రెండు సాయంత్రాలు పట్టింది.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

వడపప్పు, పానకం అయ్యాక కుట్టుమిషను ముందేసుకున్నాను. 81.8 కిలోలు. ఇవాళ మొదటి జాకెట్టు.

అది మంగళగిరి నూలు జాకెట్టు, మెరూన్ రంగు, చేతులకు నిజాం అంచు. తిరగేసి చూస్తే పక్క కుట్టు పక్కనే ఇంకో రెండు వరసల సూది చిల్లులు కనిపించాయి. మా టైలరు బాబాయి ఎప్పుడు జాకెట్టు కుట్టినా పక్కల లోపల అంగుళంన్నర గుడ్డ వదులుతాడు. నేను లావైనప్పుడల్లా తీసుకెళ్తే ఒక కుట్టు ఇప్పి అర అంగుళం అవతల ఇంకోటి వేసేవాడు. మెరూన్ రంగు బయట ఎండకు, ఉతుకుకు వెలిసిపోయింది. కుట్టు ఇప్పినప్పుడు బయటికొచ్చిన సన్నటి పట్టీ మాత్రం కాస్త ముదురుగా ఉంది. తర్వాతి పట్టీ ఇంకా ముదురు. ఇప్పటికీ లోపలే ఉన్న గుడ్డ కొత్తది కొన్నట్టే ఉంది. పదేళ్ల నా ఒళ్లు ఆ మూడు వరసల్లో ఉంది. చాలాసేపు అలా పట్టుకు కూర్చున్నాను.

పని మాత్రం తేలికే. బిగించడానికి పాత కుట్టు ఇప్పాల్సిన పనే లేదు. దాన్నలాగే ఉంచి లోపలివైపు ఇంకో కుట్టు వేస్తే సరి. రేపు వదులు కావాలంటే కొత్త కుట్టు ఒక్కటే లాగేయొచ్చు. జాకెట్టు తిరగేసి వేసుకుని హుక్కులు పెట్టుకున్నాను. పాప రెండువైపులా సమానంగా గుండుసూదులు గుచ్చింది. ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి. పక్కన అర అంగుళం లోపలికి కుడితే ముందు భాగంలో అర, వెనక భాగంలో అర పోతుంది. రెండు పక్కలకూ కలిపి చుట్టుకొలతలో రెండు అంగుళాలు తగ్గుతుంది. ఈ లెక్క తెలియక ఒకేసారి అంగుళం పట్టి ఊపిరాడనివ్వని వాళ్లున్నారు.

సుద్దముక్కతో గీత గీసి, చెయ్యి అంచు దగ్గర మొదలుపెట్టి చంక మీదుగా నడుము దాకా ఆపకుండా ఒకటే కుట్టు. చంక దగ్గర ఆపి మళ్లీ మొదలుపెడితే అక్కడే ముడత పడుతుంది. మిషను మీద కుట్టు పొడవు అన్నింటికన్నా పెద్దది పెట్టాను. దారం కావాలనే తెల్లది వాడాను. లోపలి కుట్టేగా, బయటికి కనపడదు. ఇప్పాల్సినప్పుడు మెరూన్ గుడ్డ మీద మెరూన్ దారం వెతుక్కునే బాధ ఉండదు.

మిగిలిన గుడ్డ చంకలో ముద్దకట్టి గుచ్చుకుంటుంది. మన గుంటూరు చెమటకు రెండో రోజుకే పొక్కుతుంది. అందుకని ఆ గుడ్డను వెనకవైపుకు మడిచి ఇస్త్రీ చేసి, చేత్తో నాలుగు టాకాలు వేసి అదిమిపెట్టాను. ఈ నాలుగు టాకాలకు ఐదు నిమిషాలు. ఇవి వేయకపోతే ఎంత బాగా కుట్టినా ఆ జాకెట్టు వేసుకోబుద్ధి కాదు.

ఏప్రిల్ 27

ఈ వారం మనసు బాగాలేదు. బడి పనుల్లో పడి తీరిక లేక, నాలుగు జాకెట్లు బిగించమని దారిలో ఉన్న ఒక ఆల్టరేషన్ షాపులో ఇచ్చాను. మా బాబాయి ఊరెళ్లాడు. మూడో రోజుకే శుభ్రంగా ఇస్త్రీ చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి తిరగేస్తే లోపల గుడ్డ లేదు. పావు అంగుళం మాత్రం ఉంచి మిగతాదంతా కోసేసి, అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కొట్టేశారు. నాలుగింటికీ.

వెళ్లి అడిగాను. "తగ్గారు కదా మేడం, ఇంక ఆ గుడ్డెందుకు? లోపల గుచ్చుకుంటుంది" అన్నాడు. అతను చెడ్డపని చేశాననుకోలేదు, నీటుగా చేశాననుకున్నాడు. కొయ్యొద్దని నేను చెప్పలేదు. కానీ కోసేముందు ఒక్క మాట అడగొచ్చు కదా అనిపించింది. అందులో ఒకటి అమ్మ పెట్టిన గద్వాల చీర జాకెట్టు. పద్దెనిమిదేళ్లుగా వాడుతున్నాను. దానికిప్పుడు తిరిగి వదులయ్యే దారి లేదు.

పాప అప్పటికప్పుడు చిన్న చిన్న కాగితాలు కోసి పెట్టింది. ఇకమీదట ఎవరికిచ్చినా ప్రతి జాకెట్టుకూ ఒక చీటీ గుచ్చి ఇస్తాను: "లోపల గుడ్డ కొయ్యొద్దు. కుట్టు మాత్రమే వేయండి." నోటితో చెప్పింది పని చేసేవాడి దాకా వెళ్లదు. చీటీ వెళ్తుంది.

మే 25, రోహిణి కార్తె

ఎండ మండిపోతోంది. ఈ నెలంతా ఏ జాకెట్టూ బిగించలేదు. వదులు నూలుబట్ట ఒంటికి అంటకుండా ఉండటమే హాయి. నడక ఐదింటికే మొదలుపెట్టి ఆరుకల్లా ముగిస్తున్నాను. సెలవుల్లో నైటీల్లోనే ఉండిపోయాను. అది మంచిది కాదని తెలిసింది. నైటీకి 70 కిలోల మనిషైనా 90 కిలోల మనిషైనా ఒకటే. ఆవకాయ అన్నం రెండు ముద్దలు ఎక్కువైనా అది చెప్పదు. మూడు వారాలు బరువు కదల్లేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం గంటైనా కుర్తా వేసుకుంటున్నాను.

42 మూట విప్పాను. పెళ్లి జాకెట్టుకు హుక్కులు పడ్డాయి! చేతులు మాత్రం మోచేతి పైన పట్టేస్తున్నాయి. చాతీ తగ్గినంత తొందరగా భుజం కింది కండ తగ్గట్లేదు. ఆ మూటలో ఐదింటికి ఇదే కథ. పక్క కుట్టు అలాగే ఉంచి, చంక నుంచి చెయ్యి అంచు దాకా మాత్రం కుట్టు ఇప్పి లోపలున్న గుడ్డ వదిలాను. అంతటితో మూడు జాకెట్లు వాడుకలోకి వచ్చాయి.

జూన్ 22

పన్నెండో తారీఖున బడి తెరిచారు. 78.9 కిలోలు. సంతోషంగా వెళ్లాను.

స్టాఫ్ రూములో మొదటి మాట: "ఏంటి టీచర్, ఒంట్లో బాగాలేదా? షుగరేమైనా వచ్చిందా?" రెండో పీరియడ్ అయ్యేసరికి ముగ్గురడిగారు. ఆయా అయితే చెయ్యి పట్టుకుని "ఎంత చిక్కిపోయారమ్మా" అంది. వాళ్ల ప్రేమకు నేను తప్పు పట్టను. కానీ ఏడు కిలోలు కష్టపడి తగ్గిన మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. ఇంటికొచ్చి అత్తయ్యతో చెప్పాను. ఆవిడ నన్ను కింది నుంచి పైకి చూసి, "నువ్వు బాగానే ఉన్నావమ్మాయ్, నీ జాకెట్టే జబ్బు మనిషిలా ఉంది" అంది.

అద్దంలో చూసుకుంటే నిజమే. పక్కలు బాగానే ఉన్నాయి. భుజాలు కిందికి జారి, మెడ దగ్గర గుడ్డ లేచి నిలబడింది. మర్నాడు బ్రాడీపేటలో బాబాయి దగ్గరికి వెళ్లాను.

"ఏమ్మా, ఎట్టా ఉన్నావు?" అన్నాడు మిషను ఆపి.

"బాగానే ఉన్నాను బాబాయ్, తగ్గుతున్నాను. ఈ భుజాలు చూడు."

వెనక్కి తిప్పి, మెడ దగ్గర గుడ్డ రెండు వేళ్లతో పట్టి చూశాడు. "పక్కలు ఎంత బిగించినా భుజానికి రాదమ్మా. వీపు మీద కండ తగ్గింది, అందుకే మెడ తెరుచుకుంటంది. పక్కల్లో ఎంత పట్టావు?"

"ముప్పావు."

"అంగుళం దాటి పోమాక. దాటితే ముందువైపు డాట్లు, అదే చాతీ దగ్గర కుట్టిన మడతలు, చంకల్లోకి పోతాయి, జాకెట్టు వంకర పోద్ది. ఆపైన అది నీ జాకెట్టు కాదనుకో. చిన్నది ఉంటే అది ఏసుకో."

ఆ మాటతో నా బీరువా లెక్కంతా కళ్లముందు కుదిరింది. అంగుళం అంటే చుట్టుకొలతలో నాలుగు. 44 జాకెట్టు 40 దాకా నడుస్తుంది. అది ఆగే చోటికి నా 40 మూట సిద్ధంగా ఉంది. పైనుంచి పెద్దవి బిగుస్తూ దిగుతాయి, కింద నుంచి చిన్నవి తెరుచుకుంటూ వస్తాయి. మధ్యలో కొత్తది కొనాల్సిన ఖాళీయే లేదు.

భుజాలకు బాబాయి చెప్పిన మందు వెనక తాళ్లు. మెడకు రెండువైపులా, భుజం కుట్టు కింద రెండు అంగుళాల దగ్గర ఒక్కో తాడు. కట్టగానే భుజాలు రెండూ దగ్గరికొచ్చి నిలబడ్డాయి. కుట్టు ఇప్పలేదు, గుడ్డ కొయ్యలేదు, ముడి ఎంత బిగించాలో రోజూ మన చేతిలో ఉంటుంది. మెడ లోతు తక్కువగా ఉన్న వాటికి తాళ్లు నప్పవు. వాటికి వెనక మెడ మధ్యలో పావు అంగుళం చిన్న డాటు వేశాడు. తాళ్లకు జాకెట్టుకు ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు. డాటుకు వద్దన్నాడు.

సోమవారం అదే చీర, అదే జాకెట్టు, వెనక తాళ్లతో కట్టుకెళ్లాను. షుగరు గురించి ఎవరూ అడగలేదు. "ఏం తింటున్నారు టీచర్, మాకూ చెప్పండి" అన్నారు.

జూలై 13

76.7. కుర్తాల గురించి త్వరగా రాసేస్తాను, వాటిలో పెద్ద విద్యేం లేదు. చంక నుంచి పక్క చీలిక మొదలయ్యే చోటు దాకా మాత్రమే బిగించాలి. చీలిక ముట్టుకుంటే రెండు పక్కలూ ఎగుడుదిగుడవుతాయి. ఆరు కుర్తాలకు నడుము దగ్గర పక్కల్లో పాత దుపట్టా పట్టీలు కుట్టి వెనక ముడివేసుకుంటున్నాను. మిగతా ఐదూ వదులుగానే బాగున్నాయి, వదిలేశాను.

లెగ్గింగ్సుకు పట్టీ లోపల చిన్న సందు చేసి, ఎలాస్టిక్ బయటికి లాగి, మూడు అంగుళాలు ఒకదాని మీద ఒకటి వేసి కుట్టాను. మిగిలిన చివర కోసెయ్యలేదు, లోపలికి తోసేశాను. రెండు జతల్లో ఎలాస్టిక్ సాగే గుణమే పోయింది, అవి మాత్రం కొత్తది ఎక్కించాలి. తుడుపుగుడ్డలుగా చేద్దామనుకున్న ఒక జత ఇలా తిరిగి వచ్చింది.

లోబట్టలు ఈ నెల మూడు కొన్నాను. కింద పట్టీ కొలత ఒకటి తగ్గింది. ఆ రోజు నుంచి పాత జాకెట్లన్నీ ఒక పట్టు బాగా కూర్చున్నాయి. కుట్టుపని కన్నా ముందే చేయాల్సింది ఇదేనేమో.

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

తెల్లవారుజామున చీర కట్టుకుంటుంటే కుచ్చిళ్లు చేతిలో పట్టలేదు. గంధం రంగు పట్టుచీర, ఏటా వ్రతానికి కట్టేదే. ఎప్పుడూ ఐదు మడతలు వచ్చేవి. ఇవాళ ఆరు వచ్చి, ఏడోది సగం మిగిలింది. తప్పు దోపానేమోనని మళ్లీ మొదటి నుంచి కట్టాను. మళ్లీ ఆరే.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. చీర ఐదున్నర మీటర్లు, అది మారదు. ఒంటి చుట్టూ దాదాపు రెండు చుట్లు తిరుగుతుంది. తుంటి దగ్గర నాకు నాలుగు అంగుళాలు తగ్గింది. రెండు చుట్లకూ ఎనిమిది అంగుళాల గుడ్డ మిగులుతుంది, నడుము దగ్గర మిగిలింది ఇంకా వేరే. నా చేతి మడత ఒకటి తిరిగి రావడానికి పది అంగుళాల దాకా పడుతుంది. మిగిలిన చీరంతా వచ్చి ఆరో మడతయింది.

ఇన్నేళ్లు చీర కడుతున్నాను, ఇది ఎప్పుడూ గమనించలేదు. ఈ ఆరు నెలల్లో జాకెట్టుతో, కుర్తాతో, ఎలాస్టిక్‌తో కుస్తీ పట్టాను. నలభై మూడు చీరల్లో ఒక్కదానికీ సూది పెట్టలేదు. 86 కిలోల నాకు ఎంత నిండుగా వచ్చిందో 75 కిలోల నాకూ అంతే నిండుగా వచ్చింది. కుట్టుబట్టలన్నీ ఒక కొలతకు కట్టుబడి ఉంటాయి. దీనికి ఏ కొలతా లేదు. మగ్గం మీద దీన్ని ఇలా కుట్టు లేకుండా నేయాలని ఎవరికి తోచిందో, వాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది, పూజ రోజున.

గాజులు కూడా వదులయ్యాయి. రెండు–ఎనిమిది వేసుకునేదాన్ని, రెండు–ఆరు ఎక్కుతున్నాయి. ఆ అంకెల అర్థం ఈమధ్యే తెలిసింది. రెండు అంగుళాల మీద పదహారు భాగాల్లో ఎనిమిది, అంటే రెండున్నర అంగుళాల వెడల్పు. ఆరంటే రెండుంపావు పైన ఇంకో అరపావు. గాజు ఎక్కాలంటే దాటాల్సింది ముంజేతిని కాదు, అరచేతి కణుపుల్ని. అందుకే చేతికి వదులనిపించినా చిన్న సైజు ఎక్కుతుందని నమ్మకం లేదు, వేసి చూడాలి. అత్తయ్య తన పాత గాజుల పెట్టె తీసి రెండు–ఆరు మట్టిగాజులు వేసింది. ఉంగరానికి కింద దారం చుట్టుకున్నాను. తడిస్తే దారం నానుతుంది, వారానికోసారి మార్చాలి.

సెప్టెంబరు 14

73.2. ఐదు వారాల్లో రెండు కిలోల లోపే. లంగా పట్టీ మీద గీత మాత్రం ముప్పావు అంగుళం జరిగింది.

చెల్లెలు వచ్చి బీరువా చూసి, "పెద్దవన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యక్కా. ఇంట్లో ఉంటే మళ్లీ వాటిలోకే పోతావ్" అంది. ఈ మాట చాలామంది అంటారు. నాకు అది నిజమనిపించదు. 2016లో నా ఇంట్లో పెద్దబట్టలు లేవు, అయినా బరువు వచ్చింది. వచ్చినప్పుడు ఒంటిమీదికి బట్ట లేక సిగ్గుతో నడక మానేశాను, అది అసలు నష్టం. లోపల అంగుళంన్నర గుడ్డ ఉందన్న ధైర్యం ఉంటే, రెండు కిలోలు పెరిగిన నెల కూడా తలెత్తుకుని స్టేడియానికి వెళ్తాను. అంగుళం హద్దు దాటిన ఏడు జాకెట్లు మాత్రం ఇచ్చేశాను, వాటి చీరలకు 40 మూటలో వేరే జాకెట్లు నప్పాయి కాబట్టి. నైటీలు నాలుగు ఇచ్చేశాను. చెల్లెలు ఒప్పుకోలేదు. టీ తాగి వెళ్లింది.

ఇప్పటిదాకా ఖర్చు: లోబట్టలు 1,350, తాళ్లు 270, ఎలాస్టిక్, హుక్కులు, దారాలు, సూదులు కలిపి 310. మొత్తం 1,930 రూపాయలు. మా వీధిలో లైనింగ్ జాకెట్టు ఒకటి కుట్టడానికే 400 తీసుకుంటున్నారు. 22 జాకెట్లలో 14 తిరిగి వాడుతున్నాను.

రక్తపరీక్ష మళ్లీ చేయించాను. 5.8.

అక్టోబరు 12

72 కిలోలు. నడుము 34. డాక్టరమ్మ చెప్పిన ముప్ఫై ఒకటిన్నరకు ఇంకా దారి ఉంది.

దీపావళికి పెళ్లిచీర కట్టుకోవాలని ఉంది. దాని జాకెట్టు 2006లో 36 కొలతకు కుట్టింది. అర అంగుళం చొప్పున మూడుసార్లు ఇప్పి 42 దాకా వదిలాడు బాబాయి. 2018 నుంచి అదీ పట్టలేదు. ఇది నూలు కాదు, పట్టు. నూలు మీద సూది చిల్లు ఒక ఉతుకుకు, గోటితో గీకితే పూడిపోతుంది. పట్టు మీద పడిన చిల్లు పోదు. అందుకే మిషను పెట్టలేదు, గుండుసూదులు కూడా లోపలి గుడ్డలోనే గుచ్చాను.

దీపం పెట్టాక వెలుతురు చాలక కిటికీ దగ్గర లైటు వేసుకుని కూర్చున్నాను. సన్న సూది, ఒంటిపోగు పట్టుదారం. కొత్త చిల్లులు పొడవాల్సిన పని లేకపోయింది. 40 కొలత నాటి కుట్టు చిల్లులు వరసగా ఉన్నాయి. సూది మొన ఒక్కోదాన్ని వెతుక్కుని అందులోంచే వెళ్లింది. బయటికి వచ్చి ఇన్నేళ్లున్న ఆ ముదురు పట్టీ మళ్లీ లోపలికి పోయింది. ఇంకా లోపల 38 వరస, 36 వరస కనిపిస్తున్నాయి. పాప పక్కన కూర్చుని, "అమ్మా, ఇది నీ పెళ్లప్పటిదా?" అని చివరి వరస మీద వేలు పెట్టి చూసింది.

చేతుల దగ్గర మాత్రం 42 వరసే ఉంచాను. అక్కడ ఒళ్లు ఇంకా తగ్గలేదు. టాకాలు అర అంగుళానికొకటి, దారం చివర ముడి వేయకుండా రెండు కుట్లు వెనక్కి తిప్పి వదిలేశాను. పండగయ్యాక ఎటు కావాలంటే అటు ఇప్పుకోవచ్చు.